గౌరవ వేతనం

మా అమ్మని ఉద్యోగం మానెయ్యమని అడిగింది నేనే. అదే మాట వేరేవాళ్ళు నాతో అన్నప్పుడు మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నేను అమ్మతో అనడానికి మాత్రం రెండు నిమిషాలు పట్టింది. హైదరాబాదులో మా ఫ్లాట్ బాల్కనీలో నిలబడి, ఆరిన పాప బట్టలు తీగ మీంచి తీస్తూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అన్నాను.

“ఇక్కడికొచ్చెయ్యమ్మా. పాపని చూసుకుందువుగాని. ఆ పదకొండున్నర వేలు నెలనెలా నేనిస్తా.”

అవతల మాట లేదు. వెనకాల పిల్లల గోల వినపడుతోంది కాబట్టి లైను కట్ అవలేదని తెలుస్తోంది.

“యాప్ తిరుగుతానే ఉందే. ఇంకా ముగ్గురి ఫోటోలు ఎక్కాల. సాయంత్రం మాట్లాడతాలే,” అని పెట్టేసింది.

అమ్మ అంగన్‌వాడీ టీచరు. బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెలో, 2001 నుంచీ. మా పేట ఎక్కడుందో చెప్పాలంటే మార్కాపురానికీ గిద్దలూరుకీ నడుమ, కంభానికి దగ్గర. మార్కాపురం అంటే పలకలు, కంభం అంటే చెరువు, మరి మీ ఊరంటే ఏంటి అని హాస్టల్లో అడిగేవాళ్ళు. ఏం చెప్పాలో తెలిసేది కాదు. మా వైపు గురువారాన్ని బేస్తవారం అంటాం. ఆఫీసులో చేరిన కొత్తలో ఈ సంగతి చెప్తే ఒకబ్బాయి “ఓ, థర్స్‌డేపేటా?” అన్నాడు. ఎనిమిదేళ్ళయినా ఇంకా అదే పిలుస్తాడు. ఈ వ్యాసంలో వచ్చే ఫారం-16 అతనిదే.

అమ్మ ఉద్యోగం గురించి చిన్నప్పుడు నాకు తెలిసిందల్లా, మా అమ్మ దగ్గరికి ఊళ్ళో పిల్లలందరూ వస్తారని. అది గర్వంగా ఉండేది, కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది. పెద్దయ్యాక తెలిసింది ఆమె పని చాంతాడంత అని. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటలు, పాటలు, అక్షరాలు. గర్భిణులకీ బాలింతలకీ పాలు, గుడ్లు. పసిపిల్లల బరువులు తూచడం, ఎత్తు కొలవడం, టీకాల రోజు ఇంటింటికీ తిరిగి పిలవడం. ఇవన్నీ ఒకప్పుడు రిజిస్టర్లలో రాసేది, ఇప్పుడు ఫోన్లో కూడా ఎక్కించాలి. 2025 జులై నుంచి సరుకు తీసుకునేవాళ్ళ ముఖం ఫోటో తీసి సరిపోల్చాక గాని ఇంటికిచ్చే రేషన్ నమోదు కాదు. సిగ్నల్ కోసం అమ్మ బాలింతల్ని వేపచెట్టు కింద నిలబెట్టి ఫోటోలు తీస్తుంది.

దీనికిచ్చే డబ్బుని జీతం అనరు. గౌరవ వేతనం అంటారు. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైనప్పటి నుంచీ లెక్క అదే. ఊరి ఆడవాళ్ళు ఊరి పిల్లల్ని చూసుకుంటారు, అది సేవ, సేవకి జీతమేంటి. 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కుందని చెప్పాల్సి వచ్చింది, అదీ గుజరాత్ నుంచి కొందరు కోర్టు మెట్లెక్కితే. నేను ఇంటర్ చదివేటప్పుడు అమ్మకి నాలుగు వేల రెండొందలు. తర్వాత ఏడు వేలు, పదివేల అయిదొందలు, 2019లో పదకొండు వేల అయిదొందలు. 2017లో క్యాంపస్ ఉద్యోగంలో నా మొదటి నెల జీతం ఆమె నెల సంపాదనకి మూడింతలు. ఆ మెసేజ్ చూపించినప్పుడు అమ్మ వీధంతా చెప్పుకుంది. అమ్మాయికి ఇరవై రెండేళ్ళకే ఇంత అని. నాకూ ఆ రోజు సంతోషం తప్ప ఇంకేమీ కనపడలేదు.

అమ్మకి ముందు మా అమ్మమ్మది మార్కాపురంలో పలకల పని. పలకలకి చెక్క చట్రాలు బిగించేది, పలకకి ఇంత అని లెక్క. నా వేలు ఎప్పుడైనా తలుపులో పడి నలిగితే అమ్మమ్మ తన బొటనవేళ్ళు రెండూ చూపించేది, నవ్వి ఊరుకునేదాన్ని. అమ్మని చంకలో వేసుకుని వెళ్ళేదట. పిల్లని కింద పడుకోబెట్టి పలకలు పేర్చుకుంటే, ఆ పూట ఎన్ని తక్కువ బిగిస్తే అన్ని పైసలు తక్కువ. ఇప్పుడు దీనికి ఆర్థికశాస్త్రంలో పెద్ద పేరే ఉందిగాని అమ్మమ్మకి తెలిసిందల్లా పిల్ల ఏడిస్తే లెక్క తగ్గుతుందని.

2024 సంక్రాంతికి నేను ఇంటికి వెళ్ళేసరికి నాకు ఏడో నెల. మాచర్ల మీదుగా రాత్రి బస్సు, ఎర్రగొండపాలెం దాటాక రోడ్డు కుదుపులకి కడుపు పట్టుకునే కూర్చున్నాను. తెల్లవారి ఇంటికి చేరితే తలుపుకి తాళం. పక్కింటి అక్క తాళంచెవి తెచ్చిచ్చి, “మీ అమ్మ టెంటుకి పోయింది గదమ్మా,” అంది.

అంగన్‌వాడీల సమ్మె అప్పటికి నెల దాటింది. 2023 డిసెంబర్ 12న మొదలై 42 రోజులు నడిచింది. కనీస వేతనం ఇరవై ఆరు వేలు కావాలన్నారు, గ్రాట్యుటీ కావాలన్నారు, తెలంగాణ కంటే ఎక్కువ ఇస్తామన్న మాట నిలబెట్టుకోమన్నారు. జనవరి మొదటి వారంలోనే ప్రభుత్వం ఎస్మా పెట్టింది. సేవకి ఎస్మా ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, మానేస్తే అత్యవసర సేవ.

అమ్మ పొద్దున ఎనిమిదింటికి షామియానా కిందకి వెళ్ళి సాయంత్రం వచ్చేది. రాత్రి పదింటికి అరిసెల పిండి కలిపేది. గొంతు పోయింది, సైగలతో మాట్లాడేది. నేను క్యారియర్ పట్టుకుని ఒకరోజు టెంటుకి వెళ్ళాను. అందరూ నా పొట్ట చూసి ఎన్నో నెల, రక్తం ఎంతుంది, ఐరన్ బిళ్ళలు వేసుకుంటున్నావా అని చుట్టూ చేరారు. సమ్మెలో కూడా వీళ్ళ డ్యూటీ ఆగలేదే అనిపించింది.

ఆ రాత్రి అరిసెలు వత్తుతూ నేనన్నాను: “పదకొండు వేల కోసం ఇంత అవసరమా అమ్మా? పోలీసులూ నోటీసులూ. నేను పంపిస్తా కదా.”

అమ్మ ఏమీ అనలేదు. గొంతు లేదు కాబట్టి అనలేదేమో అనుకున్నాను.

పాప మార్చిలో పుట్టింది. చట్టప్రకారం నాకు 26 వారాల సెలవు, పూర్తి జీతంతో. 2017 సవరణకి ముందు అయితే 12 వారాలే. ఈ దేశంలో ఇంత సెలవు దొరికే ఆడవాళ్ళు ఎంతమందని, నేను అదృష్టవంతురాలిననే చెప్పాలి. అదృష్టం ఖరీదు మాత్రం తర్వాత తెలిసింది. సెప్టెంబర్లో తిరిగి వెళ్ళేసరికి నా ప్రాజెక్టులో నా కుర్చీ ఇంకొకరిది. అందులో ఎవరి తప్పూ లేదు, ఆర్నెల్లు పని ఆగదు కదా. నన్ను సపోర్ట్ పనిలో వేశారు, “నీకూ లైట్‌గా ఉంటుంది” అని. ఆ లైట్ అనే మాటని నేను థ్యాంక్స్ చెప్పి తీసుకున్నాను. ఏడాది చివర రేటింగ్ వచ్చింది. పనిచేసింది ఏడు నెలలే కాబట్టి నడిమి రేటింగ్. నడిమి రేటింగ్ కాబట్టి ప్రమోషన్ లిస్టులో లేదు. అంతకు ముందు ఏడాది? “ఎలాగూ లీవ్‌లోకి వెళ్తున్నావు కదా, వచ్చాక చూద్దాం” అన్నారు. ఒక పాప, రెండు అప్రైజళ్ళు.

థర్స్‌డేపేట అబ్బాయికి ఇన్‌కంటాక్స్ రిటర్న్ అంటే భయం, ఏటా నేనే ఫైల్ చేసి పెడతాను. ఒకే రోజు చేరాం, ఒకే ట్రైనింగ్, మొదటి మూడేళ్ళు ఇద్దరి ఫారం-16లూ దాదాపు ఒకేలా ఉండేవి. పోయిన జులైలో పంపించాడు. ఏడాదికి నాలుగు లక్షల తేడా. చూసి లాప్‌టాప్ మూసేశాను. తర్వాత తెరిచి అతని రిటర్న్ ఫైల్ చేశాను, రీఫండ్ కూడా వచ్చింది వెధవకి. అతనికి తెలియదు. తెలిస్తే నాకంటే ఎక్కువ బాధపడతాడు. అతనికీ ఒక బాబున్నాడు, మా పాప కంటే రెండు నెలలు చిన్న.

అప్పటి నుంచి దొరికినవన్నీ చదివాను. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 1987లో మెకినన్ మెకెంజీ అనే షిప్పింగ్ కంపెనీ మీద ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచింది, మగ స్టెనోలకి ఎక్కువ, తమకి తక్కువ ఇస్తున్నారని. ఆ తీర్పు చదువుతుంటే నాకు అసూయ కలిగింది. ఆమెకి చూపించడానికి ఒక జీతాల పట్టిక ఉంది. మా కంపెనీలో పట్టిక ఒక్కటే. అందులో ఆడ, మగ అని ఎక్కడా లేదు. ఏ మెట్టు మీద ఎవరు ఎన్నేళ్ళు నిలబడిపోయారన్నదే ఉంది.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండొందల ఏళ్ళ లెక్కలు తవ్వి చెప్పింది ఇదే. ఇప్పటి తేడాలో ఎక్కువ భాగం వేర్వేరు ఉద్యోగాల మధ్య కాదు, ఒకే ఉద్యోగంలో పక్కపక్కన కూర్చున్న ఆడా మగా మధ్య. అది మొదటి బిడ్డతో మొదలవుతుంది. ఏ వేళ పిలిచినా పలికేవాళ్ళకి గంటకి ఎక్కువ ఇచ్చే ఉద్యోగాలున్నాయి, ఆబగా మనిషి కాలాన్ని తినేవి. ఇంట్లో ఇద్దరూ అట్లాంటివి చేస్తే పిల్లకి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ ఉండరు. అందుకని ఒకరు ఆ ఉద్యోగంలోనే ఉండి, రెండోవాళ్ళు లైట్ పనికి జరుగుతారు. ఎవరు జరుగుతారో చెప్పక్కర్లేదు. అంగన్‌వాడీలు లేని డెన్మార్క్‌లో, మనకంటే ఎంతో సదుపాయాలున్న చోట కూడా, బిడ్డ పుట్టాక ఆడవాళ్ళ సంపాదన సుమారు ఇరవై శాతం పడిపోయి మళ్ళీ లేవదని తేల్చారు. ఇది చదివి నాకు ఊరట కలగాలా దిగులు పడాలా తెలియలేదు.

పాపకి డేకేర్‌లో చేరాక నెలకి రెండు జ్వరాలు. నెలకి పన్నెండు వేలు కట్టి, జ్వరం వస్తే తీసుకురావద్దు అనే మెసేజ్ కొనుక్కుంటున్నామని మా ఆయన జోక్. జోకులు బాగానే వేస్తాడు, పని కూడా చేస్తాడు. ఒకసారి పాపకి బాగోలేదని సెలవు అడిగితే వాళ్ళ మేనేజరు, “ఏం, మీ మిసెస్ ఊళ్ళో లేరా?” అన్నాడట. ఇంకోసారి టీకాకి తనొక్కడే తీసుకెళ్తే క్లినిక్‌లో నర్సుల దగ్గర్నుంచి వరసలో కూర్చున్న తాతల దాకా అందరూ మెచ్చుకున్నారు. నేను పదకొండుసార్లు తీసుకెళ్ళాను. అయినా పన్నెండోసారికి వచ్చిన పేరు పదకొండుసార్లకీ రాలేదు. దేశం మొత్తానికి 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు అని వచ్చింది. తనకి చూపించాను. “నేను 88 కంటే ఎక్కువే,” అన్నాడు. నిజమే. ఆ గీటు అట్లా ఉంది మరి.

అలాంటి ఒక రాత్రి, పాప నుదుటి మీద తడిగుడ్డ వేసి కూర్చున్నప్పుడు, తనే మెల్లగా అన్నాడు. “ఒక ఏడాది ఎవరో ఒకరం ఆగితే బాగుంటుందేమో. లెక్క ప్రకారం చూస్తే...”

లెక్క ప్రకారం తన జీతం నా జీతానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇద్దరిలో ఒకరు మానాలంటే తక్కువ వచ్చేవాళ్ళు మానాలి. అందులో తప్పు పట్టడానికేం లేదు, కూడికలూ తీసివేతలే. పాప పుట్టింది కాబట్టి జీతం తగ్గింది, జీతం తగ్గింది కాబట్టి నేనే మానాలి. తను దుర్మార్గుడైతే పోట్లాడేదాన్ని. మూడు రోజులు అన్నం సయించలేదన్నానే, ఇదే.

నాలుగో రోజు నేను అమ్మకి ఫోన్ చేసి లెక్క ప్రకారం మాట్లాడాను.

సాయంత్రం అమ్మ తనే చేసింది. “నాకింకా ఏడేళ్ళ సర్వీసుంది,” అంది ముందుగా. నేను మళ్ళీ డబ్బుల సంగతి ఎత్తబోయాను.

“నువ్విచ్చేది నీ డబ్బే. ఇది నా డబ్బు.”

“రెండూ పదకొండున్నర వేలే కదమ్మా.”

“సమ్మెప్పుడు గూడా ఇట్నే అన్నావు నువ్వు. అప్పుడు గొంతు లేక ఊరుకున్యా. నా కాడికి ముప్పై మంది పిల్లలొస్తారు. నీ ఒక్క బిడ్డ కోసం వాళ్ళనొదిలి రమ్మంటివి. నీ ఆఫీసోళ్ళు నిన్ను మానుకోమంటే ఏమంటావు?”

నేను మాట్లాడలేదు. ఫారం-16 గురించి గాని, మా ఆయన లెక్క గురించి గాని అమ్మకి అప్పటికి నేనేమీ చెప్పలేదు.

“బిడ్డనెత్తుకుని నువ్వే రా కొన్నాళ్ళు. చూస్తాం,” అంది.

మూడు నెలలు ఇంటి నుంచి పనిచేయడానికి ఒప్పుకున్నారు. సెప్టెంబర్లో పేటకి వచ్చాను. ఊళ్ళో వాళ్ళకి నేను ఉద్యోగం పోయి వచ్చానా, మొగుడితో పడక వచ్చానా అని రెండే అనుమానాలు. మూడోది ఎవరికీ తట్టలేదు. “పాపం అల్లుడికి తిండెట్టా?” అని మాత్రం అందరూ అడిగారు.

పొద్దున తొమ్మిదింటికి అమ్మ సెంటర్‌కి పోతుంది. పాపని కూడా తీసుకెళ్ళచ్చు కదా, ఆయా ఉంటుంది కదా అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు రాయడం నాకు రాదు. ఆయాకి వచ్చేది ఏడు వేలు, ముప్పై మందికి వంట, గిన్నెలు, ఊడ్చడం. “అది గవర్మెంటు కొలువు, మనింటి పని కాదు” అంది. అందుకని పక్కింటి అక్కని అడుగుదామనుకున్నాం. తాళంచెవి ఇచ్చిన అక్కే. కలుపు తీతలకి ఆటోలో పోతుంటుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పాపని చూసుకోవాలి.

“నాలుగు వేలు ఇద్దామా?” అన్నాను అమ్మతో. ఈ ఊళ్ళో అది ఎక్కువే అనుకున్నాను.

“ఆడ డేకేరుకి ఎంత కట్టినావు?”

“పన్నెండు.”

“మరి ఈమెకి నాలుగెందుకు?”

“అక్కడ అద్దెలు, ఏసీలు, కెమెరాలు ఉంటాయమ్మా. ఇక్కడ ఇంట్లో కూర్చుని పాపని చూసుకోవడమే కదా.”

ఆ వాక్యం నోట్లోంచి వచ్చేశాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. అమ్మ కూరగాయల కత్తిపీట పక్కకి జరిపింది. “నేను జేసేదీ అదే గదమ్మా,” అంది. కోపంగా కూడా అనలేదు.

తర్వాత లెక్క అమ్మే వేసింది, నా లాప్‌టాప్ పక్కన పాత రిజిస్టర్ అట్ట మీద. కలుపుకి రోజుకి మూడొందలు. ఇరవై ఆరు రోజులకి ఏడు వేల ఎనిమిదొందలు. అంటే నేను ఇస్తానన్నది చేలో ఎండకి వంగి తీసే కలుపు కంటే తక్కువ. అక్క వచ్చి కూర్చుంది ఆ లెక్క మధ్యలోనే. ఆమె తన లెక్క చెప్పింది. అదే చేలో మందు కొట్టే మగమనిషికి ఆరొందలు, పైగా సాయంత్రం ఖర్చులకి వేరే. “ఉపాధి పనిలోనే నయం. మగోడికీ నాకూ ఒకే రేటు,” అంది. ఆ పనిలో ఇంకో సంగతి నాకు అక్కడే తెలిసింది. పని దగ్గరికి అయిదుగురు చిన్నపిల్లలు వస్తే, వాళ్ళని చూసుకోవడానికి కూలీల్లోనే ఒకామెని పెట్టాలి, ఆమెకీ మిగతావాళ్ళతో సమానంగా కూలీ ఇవ్వాలి. చట్టంలోనే ఉందట. “పెట్టారా ఎప్పుడైనా?” అంటే అక్క నవ్వింది. “రాసి ఉండాదంట” అంది.

పన్నెండు నేను ఇవ్వలేనని కాదు. ఇవ్వడానికి మనసు ఒప్పుకోలేదు, అది నిజం. పల్లెలో పన్నెండా అనిపించింది. పది దగ్గర తెగింది. పది అన్నాక అక్క నా మొహంలోకి కాకుండా అమ్మ మొహంలోకి చూసింది, నిజమేనా అన్నట్టు. అమ్మ తలూపి ఆ అట్ట మీదే తారీఖు వేసి రాసింది, పాప పేరు, అక్క పేరు, అంకెల్లో, అక్షరాల్లో. ఇరవై నాలుగేళ్ళ రిజిస్టర్ల అలవాటు.

అక్క లేవబోతూ, “నాకు బేస్తవారం సెలవు కావాలమ్మా,” అంది.

ఎందుకని అడగబోయి ఆగాను. ఆదివారం నాకెలాగూ సెలవే, బేస్తవారం కూడా అంటే వారంలో రెండు రోజులు. గురువారం పదకొండింటికి నాకు క్లయింట్ కాల్, వారంలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ ఒక్క రోజూ పాప ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మ నా వైపు చూడకుండా బెండకాయలు తరుగుతోంది.

“జీతం కోయకూడదు మళ్ళా,” అని కూడా అంది అక్క, కొంచెం సిగ్గుపడుతూ.

“కొయ్యనక్కా.”

ఆమె వెళ్ళాక లాప్‌టాప్ తెరిచాను. మేనేజరుకి రాసి పదిరోజులుగా పంపకుండా డ్రాఫ్ట్స్‌లో ఉంచుకున్న మెయిల్ ఒకటుంది, నా రెండు అప్రైజళ్ళూ మళ్ళీ చూడమని. నాలుగుసార్లు మెత్తబరిచి రాశాను దాన్ని. మొదటి పేరా అంతా సెలవిచ్చినందుకు కృతజ్ఞతలే. ఆ పేరా తీసేసి పంపించాను. తర్వాత ఇంకో చిన్న మెయిల్, గురువారం కాల్ బుధవారానికి మార్చగలరా అని.

రెండోదానికి పది నిమిషాల్లో సరేనని జవాబు వచ్చింది. మొదటిదానికి ఇంకా రాలేదు.